వద్దు అనే మాట చివర వస్తుంది

ఒత్తులు లేకుండా తెలుగు రాయమని పైవాళ్ళు చెప్పినప్పుడు ఆవిడ నోరెత్తలేదు. ఇదేం న్యాయమని అడగలేదు. పెదవులు కలపకుండా అమ్మని పిలవమన్నట్టుంది అని మనసులో అనుకుంది గానీ, పైకి "సరే సార్, చూస్తాను" అంది. అని ఊరుకుందా అంటే అదీ లేదు, నిజంగానే చూసింది. ఏళ్ళ తరబడి చూస్తూనే ఉంది.

ఆవిడ ఉద్యోగమే చూడటం. ఫోన్లలో నడిచే ఒక యాప్‌లో తెలుగు సరిగ్గా కనిపిస్తోందా లేదా అని చూడాలి. ఆస్పత్రులవాళ్ళు తమ దగ్గరికొచ్చే రోగులకిచ్చే యాప్ అది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో గంట కొట్టి చెబుతుంది, డాక్టరు దగ్గరికి మళ్ళీ ఎప్పుడు రావాలో గుర్తుచేస్తుంది. బోలెడు భాషల్లో మాట్లాడుతుందని కంపెనీవాళ్ళు గోడ నిండా రాసుకున్నారు. భాషలు బోలెడయినా తెరమీద మాటల కోసం గీసిన గడులన్నీ ఒకే భాష కొలతకి గీసినవి.

ఇంగ్లీషు అక్షరం ఒంటిగాడు. నేల మీద తిన్నగా నిలబడుతుంది, ఏ నాలుగైదో కిందికి కాళ్ళు జాపుకుంటాయి. తెలుగు అక్షరం సంసారి. నెత్తి మీద తలకట్టో గుడో, పక్కన కొమ్మో, కింద ఒత్తో, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తో, అందరినీ వెంటేసుకుని వస్తుంది. ఆ సంసారాన్నంతా తీసుకెళ్ళి ఒంటిగాడి గదిలో దించితే కిందవాళ్ళ కాళ్ళు తెగక ఏమవుతాయి? తెగాయి. 'తల్లి' కాస్తా 'తలి' అయింది. 'రాత్రి' మారి 'రాతి' అయింది. 'చేతులు శుభ్రం చేసుకోండి' అన్న మంచి సలహా 'చేతులు శుభం చేసుకోండి' అయి కూర్చుంది.

ఫొటోలు తీసి మేనేజరుకి పంపింది. ఆ మేనేజరుని ఆఫీసులో చాటున 'తర్వాతగారు' అంటారు. ఏ పని చెప్పినా తర్వాత చూద్దాం అనడం ఆయనకి ఊపిరి పీల్చినంత అలవాటు. ఈ విషయంలో మాత్రం వెంటనే జవాబిచ్చాడు. గడి ఎత్తు పెంచితే దాని కిందున్నవన్నీ జారిపోతాయట. తెరలన్నీ మళ్ళీ సరిచేసుకోవాలట. ఒక్క భాష కోసం అంత పని పెట్టుకోలేమట. మీ భాషలో ఒక్కో అర్థానికి పది మాటలుంటాయంటారు కదా మేడమ్, ఒత్తు లేనిది ఏరుకోండి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆవిడ ఏరుకుంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు తెలుగులోంచి ఒత్తులు ఏరింది. 'రాత్రి' తీసేసి 'పడుకునే ముందు' పెట్టింది. 'మాత్ర'ని 'గుళిక' చేసింది. 'తప్పు' 'పొరపాటు' అయింది, 'ఇవ్వండి' 'అందజేయండి' అయింది, 'వద్దు' ఉన్నచోటల్లా 'కూడదు' వచ్చి చేరింది. డాక్టరు దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. డాక్టరుకీ ఒత్తే, వైద్యుడికీ ఒత్తే. ఎంత వెతికినా ఒత్తు లేని డాక్టరు దొరకలేదు. చివరికి ఆ మాటే తీసేసి, మెళ్ళో గొట్టం వేసుకున్న మనిషి బొమ్మ పెట్టించింది. అప్పట్నుంచి ఆఫీసులో ఆవిడ పేరు ఒత్తులావిడ. ఇంటివాళ్ళు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఆ అంతస్తులో ఎవరూ మిగల్లేదు.

మరి ఎందుకు ఊరుకుంది? కారణం ఆవిడ మెళ్ళోనే వేలాడుతుంటుంది. యాప్ తయారుచేసే ఇంజనీర్ల గుర్తింపు కార్డులకి నీలం తాడు, భాషలు చూసేవాళ్ళకి పసుపు తాడు. నీలం అంటే పర్మినెంటు. పసుపు అంటే ఏడాదికోసారి మళ్ళీ సంతకం పెట్టేదాకా గుండె చిక్కబట్టుకుని ఉండటం. నీలం తాళ్ళవాళ్ళు కిటికీల పక్కన కూర్చుంటారు. భాషలవాళ్ళందరికీ కలిపి ప్రింటరు పక్కన ఒక పొడుగు బల్ల. కాగితం ఇరుక్కుంటే దాన్ని లాగేది కూడా వాళ్ళే. జనం చదివే మాటల్ని రాసేవాళ్ళకి జీతం తక్కువ, ఆ మాటల చుట్టూ గీత గీసేవాళ్ళకి ఎక్కువ. ఇది ఆ ఒక్క ఆఫీసులోనే ఉన్న వింత కాదు.

ఒత్తులతో గొడవ తీరిందా అంటే, ఒకటి నొక్కితే ఇంకోటి లేచేది. కంపెనీ మోజుపడి ఒక అందమైన అక్షరాల ఫాంటు కొనుక్కుంది. అందులో తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేదు. యాప్ వెళ్ళి 'అ' ఇవ్వమంటే ఆ ఫాంటు నా దగ్గర లేదంటుంది. అప్పుడు ఫోను తన సొంత బీరువా తెరిచి, అక్కడ ఏ తెలుగుంటే అది తెచ్చి తగిలిస్తుంది. ఏ ఫోను బీరువాలో ఏ తెలుగుందో ఆ ఫోను చేసినవాడికి తెలియాలి. ఒకదాంట్లో అక్షరాలు బొద్దుగా, ఒకదాంట్లో ఈనుపుల్లల్లా. ఒక పాత ఫోను ఒత్తుని అక్షరం కింద కాకుండా పక్కన నిలబెడుతుంది. అసలేమీ లేనిది ఖాళీ డబ్బాలు వరసగా పేర్చి చేతులు దులుపుకుంటుంది.

అరువు తెచ్చుకున్న అక్షరాలకి ముద్దక్షరాలు, అదే బోల్డ్ అంటారే, అవి ఉండవు. శీర్షిక ముద్దగా కావాలని యాప్ పట్టుబడితే ఫోను ఉన్న అక్షరానికే సిరా పులుముతుంది. ఆ పులుముడులో 'థ' కడుపులో చుక్క మునిగిపోయి 'ధ'కీ దానికీ తేడా తెలియదు. అందం కోసం అక్షరాల మధ్య ఎడం పెంచారొకసారి. ఇంగ్లీషు శీర్షిక దర్జాగా విస్తరించింది. తెలుగులో 'స్వాగతం' విరిగి 'స్' ఒకచోట, 'వాగతం' ఒకచోట పడ్డాయి. ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలోనే విరగ్గొట్టినట్టు.

వీటన్నిటికీ ఆవిడ ఫొటోలు తీసేది. ఆవిడ సొరుగు నిండా పాత ఫోన్లే. పగిలిన అద్దాలవి, బ్యాటరీ ఉబ్బినవి, వెనక ప్లాస్టరు ముక్క మీద పెన్నుతో గుర్తులు రాసుకున్నవి. ఏ ఫోన్లో ఏ తెర మీద ఏ మాట తెగిందో వివరంగా రాసి, తెరలు కట్టే ఇంజనీరు కుర్రాడికి పంపేది. అతను చెడ్డవాడేం కాదు. టీ తెచ్చుకుంటే ఆవిడకీ ఒకటి తెచ్చేవాడు, అక్కా అని పిలిచేవాడు. కానీ ప్రతి ఫిర్యాదు కిందా ఒకటే ముక్క రాసి మూసేసేవాడు: నా ఫోన్లో బాగానే ఉంది. అతని ఫోను కొత్తది, ఖరీదైనది, ఇంగ్లీషులో ఉన్నది. దాంట్లో బాగుండక ఏమవుతుంది? కడుపు నిండినవాణ్ణి పిలిచి ఊళ్ళో ఆకలి ఉందా అని అడిగినట్టు.

పెద్ద అక్షరాల సంగతి ఇంకా అన్యాయం. చూపు తగ్గినవాళ్ళు ఫోన్లో అక్షరాల సైజు పెంచుకుంటారు కదా, ఆ సైజులో కూడా చూద్దామా అని ఆవిడ ఒకసారి అడిగింది. ఫోను కొన్నప్పుడు ఉండే సైజులో చూస్తే చాలన్నారు. మిగతాది తర్వాత. మందుల యాప్‌ని ఎక్కువగా వాడేది పెద్దవాళ్ళేనన్న ఇంగితం ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. తట్టిన ఒక్కరికీ పసుపు తాడు.

ఆవిడ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఒకరున్నారు. అత్తగారు. జీవితమంతా బట్టలు కుట్టి కొడుకుని పెంచిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించి మిషను తొక్కడం మానేసింది గానీ, కిటికీ పక్కన మిషను అలాగే ఉంది. దాని మీద సూదుల డబ్బా, అరిగిపోయిన కొలతల టేపు, ఇప్పుడు కొత్తగా ఫోనూ. మోకాళ్ళకి డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఆస్పత్రిలోనే ఈ యాప్ పెట్టించి పంపారు. కోడలి కంపెనీదని తెలిసి ఆ ముసలావిడ మురిసిపోయింది. అక్షరాలు మాత్రం ఫోన్లో ఉన్నంతలో అన్నిటికన్నా పెద్ద సైజు పెట్టించుకుంది.

కొన్నాళ్ళకి కడుపులో మంట మొదలైంది. ముందు నూనె మీద అనుమానపడింది. తర్వాత వయసు మీద. ఆఖరికి ఇన్నాళ్ళకి నీ చేతివంట పనిచేసిందే అమ్మాయ్ అని కోడలి మీద ఒక విసురు విసిరింది. కొడుకు నవ్వాడు, కోడలూ నవ్వింది. నవ్వుల్లోనే రోజులు గడిచాయి, మంట మాత్రం పెరిగింది.

ఒక పొద్దున ఒత్తులావిడ ఆఫీసుకి తయారవుతుంటే ముందుగదిలో ఫోను గంట కొట్టింది. అత్తగారు ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. అప్పటికి పచ్చి గంగ తప్ప ఆవిడ ఏమీ ముట్టలేదు.

"అదేంటత్తయ్యా, ఏదైనా తిన్నాక కదా వేసుకోవాలి?"

"మీ యాప్ పరగడుపున వేసుకోమంటుంటే నువ్వు తిన్నాక అంటావేం? మీలో మీకే పొత్తు లేకపోతే మేం ఎవరి మాట వినాలి?"

కోడలు ఫోను అందుకుని చూసింది. పెద్ద పెద్ద అక్షరాలతో తెర మీద ఇలా ఉంది: పరగడుపున వేసుకో… చివర మూడు చుక్కలు.

ఆ వాక్యం రాసింది తనే. పూర్తి వాక్యం 'పరగడుపున వేసుకోకూడదు'. అక్షరాలు పెరిగేసరికి గడి చాలక, పట్టని ముక్కని కోసేసి మూడు చుక్కలు పెట్టింది యాప్. కోసిన ముక్క 'కూడదు'.

"డాక్టరు చెప్పలేదా అత్తయ్యా?"

"చెప్పాడేమో. ఆయన ఒక్కసారి చెప్పాడు, అదీ తలెత్తకుండా. ఇది రోజూ పొద్దున్నే పిలిచి మరీ చెబుతోంది. పైగా మా కోడలు చూసే యాప్ అని నలుగురికీ చెప్పుకున్నాను. నేనే నమ్మకపోతే నీకు తలవంపులు కాదూ?"

"చివర చుక్కలున్నాయి కదా, అనుమానం రాలేదా?"

"ఏది అనుమానించమంటావు? మాటలన్నీ సగం సగమే కనిపిస్తుంటే నా కళ్ళే పోయాయనుకున్నాను. మొన్న కళ్ళద్దాలు మార్పించుకున్నది అందుకే."

తెర తప్పు చేస్తే ముసలావిడ కళ్ళద్దాలు మార్చుకుంది. ఈ ఒక్క ముక్క దగ్గర కాసేపు ఆగండి. మన ఇళ్ళలో ఎంతమంది ఇలా తమ కళ్ళనీ, తమ చదువునీ, తమ వయసునీ తిట్టుకుంటూ ఊరుకుంటున్నారో ఎవరు లెక్కపెట్టారు?

ఆ రోజు ఆఫీసులో ఒత్తులావిడ ఇంకో పని ముట్టలేదు. అత్తగారి ఫోనులాంటి ఫోనే సొరుగులోంచి తీసి, అక్షరాలు అంత పెద్దవి చేసి, తన పాత వాక్యం పెట్టి చూసింది. మొదట్లో ఆవిడ రాసింది 'పరగడుపున వేసుకోవద్దు' అని. ఒత్తు ఉందని తర్వాత 'కూడదు' చేసింది. పాత వాక్యం గడిలో సరిగ్గా పట్టింది. 'వద్దు' కింద ఒత్తు తెగి 'వదు' అయింది, నిజమే. కానీ 'వేసుకోవదు' అన్న మాట చూసి మాత్ర మింగే మనిషి ఎవరూ ఉండరు. ఒత్తు దాచబోయి తను ఒక అక్షరం పొడుగు మాట పెట్టింది. ఆ పొడుగే 'వద్దు'ని 'వేసుకో' చేసింది.

ఇదే వాక్యం ఇంగ్లీషులో ఎంత కోసినా ప్రమాదం లేదు. వాళ్ళ 'డు నాట్' ముందే వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. తోక తెగినా తల మిగులుతుంది. మన భాష అలా కాదు. చెప్పాల్సిందంతా చెప్పి, వాక్యం గడప దాటబోయే ముందు వద్దు అంటుంది. మన వద్దు, కాదు, లేదు, రాదు అన్నీ తోకలోనే ఉంటాయి. తోక కోసే యంత్రం చేతికి తెలుగుని అప్పగిస్తే ప్రతి వద్దూ ఆజ్ఞ అయి కూర్చుంటుంది.

సాయంత్రం ఇంటికెళ్ళి అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. మాట మార్చింది నేనేనత్తయ్యా అంది. పెద్దావిడ సూదుల డబ్బా మూత తీసింది, పెట్టింది.

"నా దగ్గరికొచ్చినవాడికి చొక్కా బిగుతైతే నేనేం చేసేదాన్ని? కుట్టు విప్పేదాన్ని. పొట్ట లోపలికి పీల్చుకుని తిరగవయ్యా అంటే ఊరుకుంటాడా? ఇన్నేళ్ళూ నువ్వు తెలుగుని పొట్ట పీల్చుకోమన్నావు."

తిట్టు అంతే.

మర్నాడు అత్తగారి ఫోనే పట్టుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టింది. ఇంజనీరు కుర్రాణ్ణీ పిలిపించారు. అతను చూసి, అలవాటు చొప్పున నా ఫోన్లో అని మొదలుపెట్టాడు.

"నీ ఫోన్లో కాదు బాబూ, మా అత్తగారి కడుపులో," అంది ఒత్తులావిడ.

ఆ తర్వాత అతను ఆ మాట ఎత్తలేదు. తర్వాతగారు మాత్రం తన లెక్క తాను తీశాడు. యాప్‌ని తెలుగులో వాడే జనం నుంచి ఫిర్యాదులు ఎన్నొచ్చాయో చూడమన్నాడు. సున్నా. ఇదిగో చూశారా, అంత పెద్ద సమస్యయితే ఒక్కరైనా అడగరా అన్నాడు. ఈ ఒక్క వాక్యాన్ని తిప్పి 'వేసుకోకూడదు పరగడుపున' అని రాసేస్తే సరిపోతుంది కదా, రేపే యాప్ కొత్త వెర్షన్ వదలాలి అన్నాడు.

"రాయను సార్," అంది. "ఈసారి మాట మారదు. గడి మారాలి."

కొత్త వెర్షన్ బయటికి వెళ్ళాలంటే ఒక్కో భాషకి ఒకరు, చూశాను బాగుంది అని గుర్తు పెట్టాలి. తెలుగుకి ఆ గుర్తు పెట్టేది ఆవిడే. పెట్టనంది. మీ సంతకాల నెల దగ్గరపడుతోంది కదా మేడమ్ అని ఆయన మెత్తగా గుర్తుచేశాడు. ఆవిడ పసుపు తాడు ఒకసారి సర్దుకుని వెళ్ళి ప్రింటరు పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి కుర్రాడు వచ్చాడు. హెచ్చరికలు వచ్చే గడులు ఎంత మాటకి అంతగా సాగేలా, వాక్యం పట్టకపోతే రెండో వరసలోకి దిగేలా మార్చేశానన్నాడు. ఒత్తుల కింద చోటు కూడా వదిలానన్నాడు. ఆవిడ తన పాత వాక్యం మళ్ళీ పెట్టి చూసింది. 'పరగడుపున వేసుకోవద్దు' అని పూర్తిగా, ఒత్తుతో సహా, రెండు వరసల్లో నిలబడి ఉంది. ఒక పూట పని. ఏళ్ళ తరబడి తర్వాత తర్వాత అన్నది ఒక్క పూట పని. అప్పుడు వచ్చింది ఆవిడకి అసలు కోపం. పని కష్టమై చేయలేదంటే సర్దుకోవచ్చు. తేలికని తెలిశాక ఏం చెప్పుకుని సర్దుకోవాలి?

హెచ్చరికల వరకే మార్చారు. మిగతా తెరలన్నీ అలాగే ఉన్నాయి, మిగతా తెరలన్నీ తర్వాతే. ఆవిడ హెచ్చరికల వరకే గుర్తు పెట్టింది. మిగతాది సరిగా లేదని రాసింది. తర్వాతగారికి ఆ సగం గుర్తే చాలింది, యాప్ బయటికి వెళ్ళిపోయింది.

అయితే ఆవిడ ఇంకో పని చేసింది. ఏరి పారేసిన ఒత్తులన్నిటినీ ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చింది. 'పడుకునే ముందు' పోయి 'రాత్రి' వచ్చింది. గుళిక మళ్ళీ మాత్ర అయింది. గొట్టం బొమ్మ దిగిపోయి, రెండు కాళ్ళ మీద డాక్టరు వచ్చి నిలబడ్డాడు.

"మళ్ళీ తెగుతాయి కదక్కా," అన్నాడు కుర్రాడు.

"తెగనీ. తెగినట్టు కనబడనీ. ఇన్నాళ్ళూ నేను కనబడకుండా కప్పాను, అందుకే సున్నా వచ్చింది."

అత్తగారి కడుపు మంట తగ్గింది. మాత్ర ఇప్పుడు తిన్నాకే వేసుకుంటోంది. అయినా ప్రతి పొద్దునా ఫోను కోడలి ముందు పెట్టి, పూర్తిగా చదివి చెప్పవే, ఇంకా తోకేమన్నా మిగిలిందేమో అంటుంది. అది వేళాకోళమో అపనమ్మకమో కోడలికి తెలియదు. అడగాలంటే భయం.

ఆవిడ సంతకం సంగతి ఇంకా తేలలేదు. తెలుగులో వాడే జనం నుంచి వచ్చిన ఫిర్యాదులు ఇవాళ్టికీ సున్నాయే.

అందుకే చదివేవాళ్ళని ఒకటి అడుగుతున్నాను. ఇవాళ మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోను తీసుకోండి. అక్షరాలు వాళ్ళ కళ్ళకి ఎంత కావాలో అంత పెద్దవి చేసి, మందులది, బ్యాంకుది, బస్సుది, ఏ యాప్ అయినా సరే తెలుగులో తెరిచి చూడండి. ఒత్తు తెగినచోట, డబ్బా కనబడినచోట, వాక్యం చివర చుక్కలు మిగిలినచోట ఇంగ్లీషులోకి జారిపోకండి. మన కళ్ళే సరిగా లేవనుకోకండి. ఫొటో తీయండి. ఆ కంపెనీకి తెలుగులోనే రాయండి: మా మాట మార్చొద్దు, మీ గడి మార్చండి అని. ఒకసారికి వినరు, మళ్ళీ రాయండి. ఎక్కడో ప్రింటరు పక్కన పసుపు తాడుతో కూర్చున్న మనిషి ఆ ఫిర్యాదు కోసం ఎదురుచూస్తోంది. వాళ్ళు చూపించే ఆ సున్నాకి ముందు మీ అంకె ఒకటి వేయండి.